మామిడికాయలతో ఫోన్ ఛార్జ్ అవుతుందా? నూజివీడు తోటలో చేసి చూశా

మా మావయ్యకి నూజివీడు దగ్గర మామిడి తోట ఉంది. కాపు మీద ఉన్నన్ని రోజులూ రాత్రి కాపలా ఆయనదే. పోయిన వేసవిలో నేను వెళ్లినప్పుడు ఫోన్ చేతిలో పెట్టి, "30 శాతం చూపిస్తుంది రా. ఫ్లాష్ వేసి ఫొటో తీయబోతే టప్పున ఆగిపోతుంది" అన్నారు. చీకట్లో, పాములు తిరిగే చోట ఒక్కడే ఉండే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

పదో తరగతి చదివే మా బావమరిది వెంటనే ఓ రీల్ చూపించాడు. అందులో పండుకి కేబుల్ గుచ్చితే ఫోన్ ఛార్జ్ అయిపోతోంది! "బావా, మనకి కాయలకేం కొదవ?" అన్నాడు. నిజమే, గాలికి రాలిన చిన్న రసాలు గంపెడు ఉన్నాయి. సరే, చేసే చూద్దాం అన్నా.

కాయకి ఒక పక్క జింక్ పూత ఉన్న మేకు, ఇంకో పక్క ఒలిచిన రాగి తీగ గుచ్చాం. లోపల రెండూ తగలకూడదు. మల్టీమీటర్ పెడితే 0.9 వోల్టులు. పచ్చికాయ పులుపు, అంటే ఆమ్లం, జింక్‌ని కరిగిస్తుంటే ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా రాగి వైపు వెళ్తాయి. కాబట్టి శక్తి ఇచ్చేది జింక్, కాయ కాదు. 1800లో వోల్టా లోహపు బిళ్లల మధ్య ఉప్పునీళ్లలో తడిపిన అట్టముక్కలు పెట్టి చేసిన బ్యాటరీ కూడా ఇలాంటిదే.

ఒకదాని రాగిని పక్కదాని మేకుకి కలుపుతూ ఆరు కాయల్ని సిరీస్‌లో పెట్టాం. మీటర్ 5.4 చూపించింది. "ఛార్జర్‌కి 5 వోల్టులే కదా, అయిపోయింది!" అని మావాడు ఒకటే గంతులు. రీల్ చేసేవాళ్లు సరిగ్గా ఇక్కడే మనల్ని బుట్టలో వేస్తారు.

ఒక్క కాయకి 1000 ఓముల రెసిస్టర్ తగిలించి మళ్లీ చూశా. 0.9 కాస్తా 0.5కి పడిపోయింది. ఓమ్ నియమం ప్రకారం కరెంట్ = 0.5 / 1000, అంటే అర మిల్లీ ఆంపియర్. మరి మిగతా 0.4 వోల్టులు ఏమయ్యాయి? కాయ లోపలే ఖర్చయ్యాయి. 0.4ని అదే కరెంట్‌తో భాగిస్తే 800 ఓములు. దీన్నే అంతర్నిరోధం అంటారు. మీటర్ ఒక్కటే పెట్టినప్పుడు కరెంట్ దాదాపు సున్నా, అందుకే ఈ నష్టం బయటపడదు. పని చెప్పినప్పుడే బండారం తెలుస్తుంది!

సిరీస్‌లో వోల్టులతో పాటు ఈ నిరోధం కూడా కూడుతుంది. ఆరు కాయలకి 4800 ఓములు. నేరుగా షార్ట్ చేసినా వచ్చేది 1.1 మిల్లీ ఆంపియర్. మామూలు ఛార్జింగ్‌కే 5 వోల్టుల దగ్గర 1000 మిల్లీ ఆంపియర్లు, అంటే 5 వాట్లు కావాలి. పారలల్‌లో పెడితే నిరోధం తగ్గుతుంది కానీ వోల్టేజ్ 0.9 దగ్గరే ఆగిపోతుంది. ఎలా కలిపినా ఒక్కో కాయ ఇవ్వగలిగింది గరిష్ఠంగా 0.00025 వాట్. 5 వాట్లకి ఎన్ని కావాలో మావాడే లెక్క కట్టాడు: 20,000 కాయలు. మావయ్య నవ్వలేదు, తోట వైపు చూశారంతే.

మూడు కాయలతో చిన్న ఎర్ర ఎల్ఈడీ మాత్రం మసగ్గా వెలిగింది.

ఇప్పుడు మావయ్య ఫోన్ సంగతి. దాని జబ్బూ ఇదే! లిథియం బ్యాటరీ పాతబడేకొద్దీ అంతర్నిరోధం పెరుగుతుంది. ఉదాహరణకి 3.6 వోల్టుల దగ్గర ఉన్న బ్యాటరీ నుంచి ఫ్లాష్, కెమెరా, ప్రాసెసర్ కలిసి ఒక్కసారిగా 2 ఆంపియర్లు లాగాయనుకోండి. నిరోధం 0.1 ఓమ్ అయితే పోయేది 0.2 వోల్టులే. అదే 0.4 ఓమ్ అయితే 0.8 పోయి 2.8 మిగులుతుంది. అది చాలక ఫోన్ ఆగిపోతుంది. 30 శాతం ఛార్జ్ నిజంగానే లోపల ఉంది, అడిగినంత వేగంగా బయటికి రాలేకపోతోంది అన్నమాట. పాత ఫోన్ కొనేటప్పుడు శాతం చూసి మురిసిపోకుండా, 25 శాతం దగ్గర ఫ్లాష్‌తో నాలుగు ఫొటోలు తీసి చూడండి.

ఈ ప్రయోగాలు కాయలతోనే చేయండి, గోడ ప్లగ్ జోలికి అసలు వెళ్లొద్దు. మావయ్య ఫోన్‌కి నూజివీడులోనే కొత్త బ్యాటరీ వేయించాం, ఇప్పుడు 30 శాతం దగ్గర కూడా ఫ్లాష్ ఆగకుండా వెలుగుతోంది. మేకులు గుచ్చిన కాయల్లో జింక్, రాగి దిగుతాయి కాబట్టి పారేయాలి. మా అత్తయ్య అప్పటికే రెండు పచ్చడికని పక్కన పెట్టేసింది, పరుగెత్తుకెళ్లి తీసేశాం.