తలుపు మూయని కట్టడ: ఆటగాండ్రును మత్తుమందులును



ఈ నెల పాఠమునకై మనము ఆటస్థలమునకు వెళ్లుచున్నాము. సంఘ పత్రికలో ఆటల ముచ్చట ఏలయని కొందరు అనుకొనవచ్చును. అయితే పౌలు సహితము కొరింథులోని విశ్వాసులకు వ్రాయునప్పుడు పందెములో పరుగెత్తువారినే సాదృశ్యముగా తీసికొనెను. నేడు మన పల్లెలలో క్రికెట్టు చూడని యిల్లు అరుదు. మన బిడ్డలు ఆటగాండ్ర పేర్లను కంఠస్థము చేయుదురు. వారివలెనే జుట్టు కత్తిరించుకొందురు. కావున వారి విజయములను మాత్రమే గాక, వారు పడిపోయిన విధమును, పడినవారి విషయమై వారి పెద్దలు చేసిన కట్టడలను కూడ మనము తెలిసికొనుట మంచిది.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. బలము పెంచుకొని గెలువవలెనని మందులు పుచ్చుకొనువారు కొందరు. అది ఎదుటివానిని మోసగించుట. మరికొందరు ఆటకు ఏ మేలును చేయని మత్తుమందులను సుఖము కొరకో, స్నేహితుల బలవంతము చేతనో, దుఃఖము మరచుటకో పుచ్చుకొందురు. వీరు ముఖ్యముగా తమ్మును తామే పాడుచేసికొందురు. మన పాఠము ఈ రెండవవారిని గూర్చినది. ఇట్టివానిని ఏమి చేయవలెను? వెళ్లగొట్టవలెనా, ఓర్చుకొనవలెనా, బాగుచేయవలెనా?

1. 1983 నాటి ఒడంబడిక

అమెరికా దేశములో బాస్కెట్‌బాల్ ఆట జీతముమీద ఆడు ముఖ్యమైన పురుషుల జట్లు ఎన్.బి.ఏ. అను లీగుగా కూడియున్నవి. 1980 ప్రాంతమున ఆ లీగులో కొకైన్ అను మత్తుమందు వ్యాపించెను. పడుచువారికి చేతినిండ డబ్బు, ఊరూర తిరుగుట, రాత్రివేళల పని లేకుండుట: ఇవన్నియు ఆ చెడుగునకు దారితీసెను. ప్రజలలో లీగునకు చెడ్డపేరు వచ్చెను.

అప్పుడు లీగు అధికారులును ఆటగాండ్ర యూనియనువారును కూర్చుండి మాటలాడుకొని 1983 సెప్టెంబరులో ఒక ఒడంబడిక చేసిరి. కొకైన్, హెరాయిన్ అను రెండు మందులను గూర్చియే అది చేయబడెను. దాని సారాంశమిది: ఆటగాడు తనంతట తానే వచ్చి తన అలవాటును ఒప్పుకొనినయెడల, మొదటిసారి అతనికి శిక్ష లేదు. చికిత్స ఖర్చు జట్టువారు భరింతురు. జీతము కూడ ఆగదు. రెండవసారి వచ్చినయెడల చికిత్స కలదు గాని జీతము లేదు. మూడవసారి అతడు లీగునుండి వెలివేయబడును. దాచిపెట్టి పరీక్షలో పట్టుబడినవాడు మాత్రము మొదటిసారియే వెలివేయబడును. అట్లు వెలివేయబడినవాడు సహితము రెండు సంవత్సరములు గడచిన తరువాత తిరిగి చేర్చుకొనుమని మనవి చేసికొనవచ్చును.

చదువరులారా, ఈ కట్టడలోని వివేకమును గమనించుడి. తప్పు ఒక్కటే. అయినను ఒప్పుకొనినవానికి ఒక దారి, దాచినవానికి మరియొక దారి. శిక్ష కలదు; అయితే శిక్షకు ముందు ఒక తలుపు కలదు, శిక్షకు తరువాత కూడ ఒక తలుపు కలదు.

ఈ కట్టడ వట్టి మాటలు కాలేదు. మైకేల్ రే రిచర్డ్‌సన్ అనువాడు నాలుగుసార్లు లీగులోని శ్రేష్ఠుల ఆటకు ఎన్నుకొనబడిన ఆటగాడు. అతడు పలుమారులు చికిత్సకు వెళ్లియు అలవాటును విడువలేకపోయెను. 1986 ఫిబ్రవరిలో అతడు వెలివేయబడెను. ఎంత గొప్ప ఆటగాడని ఎవరును వెనుకాడలేదు. అయితే 1988లో అతనికి తిరిగి వచ్చుటకు అనుమతి దొరికెను. అతడు ఐరోపాకు వెళ్లి అనేక సంవత్సరములు ఆడెను. పిమ్మట స్వదేశములో ఇతరులకు ఆట నేర్పు శిక్షకుడాయెను.

2. రెండు దినముల సంతోషము

అదే 1986లో మరియొక సంగతి జరిగెను. మేరీలాండ్ విశ్వవిద్యాలయములో లెన్ బయస్ అను 22 ఏండ్ల యౌవనస్థుడుండెను. ఎత్తరి, బలశాలి, అందరి కన్నులు అతనిమీదనే. జూన్ 17వ తేదీన లీగు జట్లు క్రొత్త ఆటగాండ్రను ఎన్నుకొనునప్పుడు, ఆ సంవత్సరమే విజేతలైన బోస్టన్ సెల్టిక్స్ జట్టువారు రెండవ పేరుగా ఇతనిని ఎన్నుకొనిరి. అతడు బోస్టనుకు పోయి తిరిగి కళాశాల వసతిగృహమునకు వచ్చి, ఆ రాత్రి స్నేహితులతో కూడ కొకైన్ పుచ్చుకొనెను. 19వ తేదీ ఉదయమున గుండె లయ తప్పి పడిపోయి మరణించెను. ఎన్నుకొనబడి రెండు దినములే; లీగులో ఒక్క ఆటయైనను ఆడలేదు.

లీగు పెట్టిన తలుపు అప్పటికే తెరచియుండెను. అయితే ఈ చిన్నవాడు ఆ యింటిలోనికి ఇంకను అడుగు పెట్టలేదు. కళాశాలలో అతనికి చప్పట్లు కొట్టువారు వేలమంది. అతని తల్లి లోనీస్ బయస్ ఆ దుఃఖమును మ్రింగుకొని, నాటినుండి అనేక సంవత్సరములు పాఠశాలలకును సభలకును వెళ్లి యౌవనస్థులతో మాటలాడుచు వచ్చెను.

ఆ మరణమును చూచి అమెరికా దేశమంతయు కలవరపడెను. కొలది నెలలలోనే, 1986 అక్టోబరులో, ఆ దేశప్రభుత్వము కఠినమైన చట్టము చేసెను. అమ్ముటకై 5 గ్రాముల ‘క్రాక్’ అను గట్టి రూపపు కొకైన్ ఉంచుకొనినవానికి 5 సంవత్సరములకు తక్కువ కాని చెర. పొడి రూపములోనైతే అదే శిక్షకు 500 గ్రాములుండవలెను. పదార్థము ఒక్కటే, తూకములో నూరు రెట్ల వ్యత్యాసము. క్రాక్ నేరముక్రింద చెరసాలలకు పోయినవారిలో అత్యధికులు నల్లజాతివారు. చెరసాలలు నిండెను గాని మత్తు ఆగలేదు. 24 సంవత్సరములు గడచిన పిమ్మట, 2010లో, 5 గ్రాములను 28 గ్రాములుగా మార్చి ఆ వ్యత్యాసమును తగ్గించిరి.

ఒకే వ్యాధికి రెండు వైద్యములు మన యెదుట ఉన్నవి. ఒకటి భయముతో తొందరపడి చేసినది. మరియొకటి ఇరుపక్షములవారును కూర్చుండి ఆలోచించి చేసినది. లీగువారు పరిశుద్ధులని నేను చెప్పుటలేదు. తమ పేరును, తమ ఆదాయమును కాపాడుకొనవలెననియే వారు ప్రారంభించిరి. అయినను వారు కనుగొనినది మంచి మార్గమే.

3. తరువాతి సంవత్సరములు

క్రిస్ ఆండర్సన్ అను ఆటగాడు 2006 జనవరిలో మత్తుమందు విషయమై వెలివేయబడెను. రెండేండ్లు లీగులో ఆట లేదు, జీతము లేదు. 2008 మార్చిలో లీగు అతనిని తిరిగి చేర్చుకొనెను. 2013లో మయామి జట్టు విజేతగా నిలిచినప్పుడు అతడు ఆ జట్టులో నుండెను. ఆ రెండేండ్లు గోడవంటివి. అయితే ఆ గోడకు ద్వారముండెను.

బేస్‌బాల్ ఆటలో సంగతి వేరు. అక్కడ గాయముల నొప్పికై యిచ్చు మాత్రలే కొందరికి ఉరియాయెను. 2019 జూలై 1వ తేదీన టైలర్ స్కాగ్స్ అను 27 ఏండ్ల ఆటగాడు టెక్సాసులో ఒక హోటలు గదిలో చనిపోయి కనబడెను. అతని శరీరములో నల్లమందు జాతి నొప్పిమందులును మద్యమును ఉండినట్లు పరీక్షలో తేలెను. ఆ డిసెంబరులోనే బేస్‌బాల్ లీగువారును ఆటగాండ్ర యూనియనువారును నియమములను మార్చిరి. ఇట్టి మందులకు పరీక్ష పెట్టిరి. పట్టుబడినవానిని మొదట చికిత్సకు పంపుదురు. చికిత్సకు ఒప్పుకొనని వానికే శిక్ష.

గంజాయి విషయములో ఈ లీగులు తమ కట్టడలను సడలించినవి. బేస్‌బాల్ లీగు 2019లో దానిని మద్యముతో సమానముగా చూచుటకు నిశ్చయించెను. అమెరికా ఫుట్‌బాల్ లీగు 2020లో కేవలము గంజాయి పరీక్షలో పట్టుబడినందున ఆటనుండి నిలిపివేయుట మానెను. ఎన్.బి.ఏ. 2023 ఒడంబడికలో ఆ పరీక్షనే తీసివేసెను. ఆ దేశములో అనేక రాష్ట్రములు గంజాయిని చట్టసమ్మతము చేయుటయు ఈ మార్పునకు ఒక కారణము. మన యౌవనస్థులు దీనినిబట్టి గంజాయి మంచిదని తలంచకూడదు. మద్యము కూడ చట్టసమ్మతమే గదా! అది ఎన్ని కాపురములను కూల్చెనో మన వీధిలోని స్త్రీలనడిగిన చెప్పుదురు.

మనమెరిగిన క్రికెట్టులో కూడ ఇట్టి సంగతి జరిగెను. దక్షిణాఫ్రికా బౌలరు కగిసో రబాడ 2025 ఏప్రిల్ మొదట గుజరాత్ జట్టును విడిచి స్వదేశమునకు పోయెను. స్వంత పని మీద వెళ్లెనని తెలుపబడెను. నెల దినములైన తరువాత, మే 3వ తేదీన, తాను మత్తుపదార్థము పుచ్చుకొని పరీక్షలో పట్టుబడితినని అతడు బహిరంగముగా ఒప్పుకొని, క్షమింపుమని అడిగెను. 2021నుండి అమలులోనున్న ప్రపంచ నియమము ప్రకారము, ఆటకు సంబంధము లేకుండ, పోటీ జరుగని వేళ ఇట్టి పదార్థము పుచ్చుకొనినట్లు రుజువైనవానికి మూడు నెలల నిషేధము. చికిత్స పూర్తిచేసికొనినయెడల ఒక నెల. రబాడ ఆ చికిత్స చేసికొని తిరిగి వచ్చెను. జూన్ నెలలో లార్డ్స్ మైదానమున ఆస్ట్రేలియాతో జరిగిన ప్రపంచ టెస్టు చివరి ఆటలో అతడు 9 వికెట్లు తీయగా దక్షిణాఫ్రికా గెలిచెను. మొదటి తప్పునకే జీవితాంతపు వెలి యుండినయెడల ఈ దినము అతనికి లేదు.

4. మన యింటి సంగతి

ఇప్పుడు మన పల్లెకు వచ్చెదము. ఒక యింటిలో కుమారుడు త్రాగుటకో గంజాయి పీల్చుటకో అలవాటుపడెననుకొనుడి. తల్లికి తెలియును; తండ్రికి చెప్పదు. తండ్రికి ఎవరో వీధిలో చెప్పుదురు. అతడు ఇంటికి వచ్చి కర్ర తీయును. సంఘములో గుసగుసలు పుట్టును. పాటల గుంపులోనుండి వాని పేరు కొట్టివేయుదురు. ఇక ఆ చిన్నవాడు ఎక్కడికి పోవును? ఊరి బయట తోటలో తనవంటివారు నలుగురున్నారు. వారు వానిని ఏమియు అనరు. అక్కడికే పోవును.

పెద్దలారా, మనలను మనము ప్రశ్నించుకొందము. తానే వచ్చి కన్నీళ్లతో చెప్పుకొనినవానిని, పట్టుబడినవానిని మనము వేరువేరుగా చూచుచున్నామా? ఇద్దరికిని ఒకే అవమానమైనయెడల, ఏ బిడ్డయు నోరు తెరువడు. డబ్బు కొరకు నడుచు లీగులు సహితము గ్రహించిన ఈ సంగతిని, తప్పిపోయిన కుమారుని ఉపమానము చిన్ననాటనుండి వినుచున్న మనము గ్రహింపకపోవుట సిగ్గుకాదా?

కనికరమనగా తప్పును కప్పిపుచ్చుట కాదు. 1983 నాటి కట్టడలో మూడవసారికి వెలి యుండెను. తండ్రి కూడ హద్దు నియమింపవలెను: డబ్బు చేతికియ్యకుండుట, చెడు సహవాసము మాన్పించుట, వైద్యునియొద్దకు తానే వెంటబెట్టుకొని పోవుట. అయితే హద్దు పెట్టకముందు, “నీవే వచ్చి చెప్పినయెడల నిన్ను కొట్టను, నీతో కూడ వచ్చెదను” అని ఒక మాట ఇంటిలో బిడ్డకు తెలిసియుండవలెను. ఆ మాట పట్టుబడిన తరువాత చెప్పునది కాదు, ముందే చెప్పవలెను.

మన దేశపు చట్టములో కూడ ఇట్టి తలుపు ఒకటి కలదని అనేకులకు తెలియదు. 1985 నాటి మత్తుపదార్థముల చట్టములో 64-ఏ అను విభాగమున్నది. స్వల్ప పరిమాణముతో లేక వాడుకతో సంబంధించిన నేరము మోపబడిన అలవాటుపడినవాడు, తనంతట తానే ప్రభుత్వ ఆసుపత్రికో ప్రభుత్వము గుర్తించిన సంస్థకో వెళ్లి చికిత్స పూర్తిగా చేసికొనినయెడల, ఆ నేరమునకు విచారణనుండి విడుదల పొందవచ్చును. మధ్యలో విడిచిపెట్టినవానికి ఈ మినహాయింపు నిలువదు. వ్యాపారము చేయువానికి ఇది వర్తింపదు. సలహా కోరువారికి ప్రభుత్వమువారి ఉచిత ఫోను నంబరు 14446 కలదు. ఈ రెండు సంగతులను కూటములో అందరికిని వినిపించుడి. ఏ తల్లికి అవసరమో మనకు తెలియదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దాచినవానికిని ఒప్పుకొనినవానికిని 1983 కట్టడలో ఏ భేదమున్నది? అది న్యాయమని మీకు తోచుచున్నదా?

2. లెన్ బయస్ చుట్టు అనేకులుండిరి. మన యౌవనస్థుల చుట్టు ఉన్నవారిలో, వారు భయపడకుండ నిజము చెప్పగలిగినవారు ఎవరు?

3. కనికరము చూపినయెడల తప్పు పెరుగునని కొందరందురు. రిచర్డ్‌సన్, ఆండర్సన్‌ల సంగతులనుబట్టి మీరేమి చెప్పుదురు?

4. మీ కుమారుడు ఈ రాత్రి వచ్చి, “నాన్నా, నేను పట్టుబడలేదు గాని నీతో చెప్పవలెనని వచ్చితిని” అని అనినయెడల, మీ నోటినుండి వచ్చు మొదటి మాట ఏది?