వృత్తి - తృప్తి

మానవుడు మేలుకొని యుండు కాలములో అధికభాగము వృత్తిలోనే గడచిపోవును. అట్టి వృత్తి కొందఱికి దినదినము నూతనోత్సాహము నొసగును. మఱి కొందఱికి గడియారపు ముల్లును చూచుచు మోయవలసిన బరువుగా నుండును. ఇద్దఱును కష్టపడుదురు, ఇద్దఱును జీతము పుచ్చుకొందురు. అయినను సాయంకాలము ఇల్లు చేరునప్పుడు ఒకని ముఖమున అలసటతోపాటు తృప్తియు కనిపించును. వేఱొకని ముఖమున అలసట మాత్రమే కనిపించును. ఈ భేదమునకు కారణమేమి?

ధనమే కారణమని పలువురు తలంతురు. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కూటికి చాలని వృత్తి యెంత గొప్పదైనను ఇంటిల్లిపాదికి అన్నము పెట్టజాలదు. ఆకలిగొన్నవానికి తృప్తినిగూర్చి బోధించుట పరిహాసమే యగును. కాని కడుపు నిండి, రేపటి చింత తీరిన పిదప పనిలోని వెలితిని ధనము పూడ్చలేదు. మంచి జీతము పుచ్చుకొనుచు పనిని ద్వేషించువారును, మితమైన రాబడితో పనిని ప్రేమించువారును లోకమున కలరు. కావున జీతమునకు మించిన కారణములు పనిలోనే యుండవలెను.

ఆడం స్మిత్ అను స్కాట్లండు దేశపు అర్థశాస్త్రవేత్త 1776లో ప్రకటించిన గ్రంథమున ఒక గుండుసూదుల కార్ఖానాను వర్ణించెను. అందు ఒకడు తీగెను సాగదీయును, ఇంకొకడు దానిని తిన్నగా చేయును, వేఱొకడు కత్తిరించును, మఱియొకడు మొన చెక్కును. ఇట్లు సూది తయారగుటకు సుమారు 18 పనులు జరుగును. పదిమంది ఈ పనులను పంచుకొనుటచే దినమునకు 48,000 సూదులు తయారగుచుండెను. ఎవరికి వారే పూర్తిసూదిని చేయబూనినచో ఒక్కొక్కడు దినమునకు 20 సూదులైనను చేయజాలడని ఆయన వ్రాసెను. సంపద పెరుగుటకు ఇది మంచి మార్గమే. కాని ఆయనయే ఆ గ్రంథమున వేఱొకచోట మఱియొక సంగతిని హెచ్చరించెను. జీవితమంతయు ఒకటి రెండు సులభమైన పనులను మాత్రమే చేయువానికి ఆలోచింపవలసిన అవసరము కలుగదనియు, అందుచే వాని బుద్ధి మొద్దుబాఱిపోవుననియు ఆయన యభిప్రాయము. సూదికి మొన వచ్చినది. దానిని చేసినవాని బుద్ధికి పదును పోయినది.

చేతితోపాటు బుద్ధికిని పని కలిగించు వృత్తి యెట్లుండునో చూడగోరువారు తెలంగాణములోని పోచంపల్లికి పోవలెను. అచటి నేతగాండ్రు బట్టపై పూవులను అద్దరు. నేయుటకు ముందే నూలుపోగులను లెక్కప్రకారము కట్లు కట్టి రంగులో ముంచుదురు. కట్టు కట్టినచోట రంగు అంటదు. ఒక్కొక్క రంగునకు ఈ పనిని మరల చేయవలెను. తుదకు ఆ నూలును మగ్గముపై నేయునప్పుడు, మొదట మనసులో నున్న పూవు బట్టపై విచ్చుకొనును. కట్టులో లెక్క తప్పినచో ఆ పూవు చెదరిపోవును. నేతగాడు తలంచిన రూపము తన కన్నులయెదుటనే పూర్తి యగుట చూచును. ఇది సూదుల కార్ఖానాలోని పనివానికి దక్కని భాగ్యము.

అయితే ఈ నేతపనిలోను బుద్ధికి తావులేని చాకిరి యొకటి కలదు. నూలుకు కట్లు కట్టుటకు ముందు దానిని అర్ధవలయముగా అమర్చిన మేకులచుట్టు ఒక క్రమములో పోయవలెను. దీనిని ఆసు పోయుట యందురు. ఒక చీరకు చేతిని వేలసార్లు అటునిటు ఆడింపవలెను. తఱచుగా ఇంటి స్త్రీలే ఈ పని చేయుచు భుజముల నొప్పితో బాధపడుచుండిరి. ఆలేరు ప్రాంతమునకు చెందిన చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి పడు బాధను చూచి, ఆ పనిచేయు యంత్రమును నిర్మింప బూనెను. చిన్నతనముననే బడి మానిన ఆయన, పెక్కు సంవత్సరములు శ్రమించి 1999లో దానిని పూర్తిచేసెను. ఆ యంత్రమునకు తల్లిపేరే పెట్టెను. 2017లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదము నొసగెను. యంత్రము చేతి చాకిరిని తీసికొనినది. రంగును, రూపమును ఊహించు పనిని మనుష్యునికే విడిచినది. ఇంతటి నేర్పు గలిగియు తగిన ధర రాక మగ్గమును విడిచిన నేతగాండ్రు పెక్కుమంది కలరనుటను మాత్రము మఱువరాదు. తృప్తి నిచ్చు వృత్తిని నిలుపుకొనుట సంఘముయొక్క బాధ్యత కూడ.

నేర్చుకొనుటకు అంతము లేకుండుట తృప్తికి మఱియొక కారణము. ఆర్థర్ కాటన్ అను ఇంజనీరు తమిళదేశమున కావేరిపై పూర్వము చోళులు కట్టించిన ఆనకట్టను శ్రద్ధతో పరిశీలించెను. లోతెఱుగని ఇసుకలో పునాది నిలుపు విధమును ఆ ప్రాచీనులవద్దనే నేర్చుకొంటిమని ఆయన యొప్పుకొనెను. 1832-33 సంవత్సరములలో గోదావరీ మండలమున ఘోరమైన కఱవు వచ్చెను. ప్రక్కనే మహానది ప్రవహించుచుండగా జనులు ఆకలితో మరణించిరి. అచ్చట ధవళేశ్వరమువద్ద 1847లో కాటన్ ఆనకట్టపని ప్రారంభించెను. 1852లో అది పూర్తియయ్యెను. కావేరివద్ద నేర్చినది గోదావరివద్ద ఫలించినది. పాత ఆనకట్టకు బదులుగా తరువాత కట్టిన బ్యారేజి నేడు ఆయన పేరుతోనే యున్నది. గోదావరి గ్రామములలో ఆయన విగ్రహములకు నేటికిని రైతులు పూలమాలలు వేయుదురు.

తన పని యెవరికో మేలు చేయుచున్నదను ఎఱుక వృత్తికి ప్రాణము వంటిది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితము దీనికి తార్కాణము. ఆహారము ఒంటబట్టనీయని ‘స్ప్రూ’ అను వ్యాధిచే ఆయన సోదరు లిద్దఱు మరణించిరి. మద్రాసులో వైద్యవిద్య ముగించి ఆయన అమెరికాకు పోయి హార్వర్డులో చేరెను. జీవనమునకై ఆసుపత్రిలో రాత్రివేళ చిన్నపనులు చేయుచు పరిశోధనకు పూనుకొనెను. 1940లో లెడర్లీ అను ఔషధసంస్థలో చేరిన పిదప ఆయన నేతృత్వమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు విధము సాధింపబడెను. రక్తహీనతకును, స్ప్రూ వ్యాధికిని అది మందయ్యెను. బోదకాలు వ్యాధిని కలిగించు క్రిములకు మందును కూడ ఆయన బృందమే కనిపెట్టెను. 1948లో మరణించునప్పటికి సామాన్యజనులలో ఆయన పేరెఱిగినవారు స్వల్పము. కీర్తియే తృప్తికి మూలమైనచో ఆయన ఎన్నడో పరిశోధనను విడిచియుండును.

ఇట్టి ఎఱుక విద్వాంసులకే పరిమితము కాదు. అమెరికాలో ఆమీ రెస్నెస్కీ, జేన్ డటన్ అను పరిశోధకురాండ్రు ఆసుపత్రిలో నేల తుడుచువారిని ప్రశ్నించి, 2001లో ఒక వ్యాసమును ప్రకటించిరి. వారిలో కొందఱు తమ పని తుడుచుట మాత్రమే యనిరి. మఱి కొందఱు రోగులు త్వరగా కోలుకొనుటకు తామును తోడ్పడుచున్నామనిరి. రోగికి నిద్ర చెడకుండ వేళ చూచి తుడుచుటయు, దిగులుగా నున్నవారిని పలుకరించుటయు వీరు తమ విధిగా నెంచిరి. చీపురు ఒక్కటే, పనిని చూచు చూపు వేఱు. అట్లని అట్టి పనివారికి తక్కువ కూలి యిచ్చి, వారి మంచిచూపునే కూలిగా నెంచుట న్యాయము కాదు.

విద్యార్థులు వృత్తి నెంచుకొనునప్పుడు దాని పేరును, జీతమును విచారించుట సహజమే. వానితోపాటు మఱి మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ పనిలో నా బుద్ధికి చోటున్నదా? పది సంవత్సరముల తరువాత కూడ నేర్చుకొనవలసిన దుండునా? దీనివలన ఎవరి కష్టమైనను తగ్గునా? ఈ మూడింటికిని అవునను సమాధానము దొరకిన వృత్తి మగ్గముపై నున్నను, పొలములో నున్నను, ప్రయోగశాలలో నున్నను తృప్తి నిచ్చును. లేదను సమాధానము వచ్చినచో, మల్లేశమువలె ఆ పనినే మార్చుటకు పూనుకొనవచ్చును.