రాత్రివేళ కుక్కపిల్ల పక్క పొడిగా ఉండుటకు: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేము అపార్టుమెంటులో నాలుగవ అంతస్తులో ఉంటున్నాము. ఈమధ్యనే రెండు నెలల లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నాము. పెద్దదయ్యాక కూడా పనికివస్తుందని పెద్ద ఇనుప బోనే కొన్నాము. రాత్రి పదింటికి పడుకోబెడితే తెల్లవారేసరికి పరచిన దుప్పటి ఒక మూల తడిసి ముద్దయి ఉంటుంది. పిల్ల మాత్రం రెండో మూలలో హాయిగా నిద్రపోతూ ఉంటుంది. బోనులో ఉన్న కుక్కపిల్ల తన పక్కను తడుపుకోదని అందరూ చెప్పారు. మా పిల్లకు ఆ బుద్ధి లేదా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ పిల్లకు ఆ బుద్ధి నిక్షేపముగా ఉన్నది. తడిసిన మూలను విడిచి పొడి మూలకు పోయి పరుండుచున్నదని మీరే వ్రాసితిరి. అంతకు మించిన సాక్ష్యము మరేమి కావలెను? పడుకొను చోటును మలినపరచుకొనరాదను సంస్కారము కుక్కజాతికి అతిశైశవముననే అలవడును. పుట్టిన పిమ్మట ఇంచుమించు మూడు వారములవరకు కూన తనంత తాను మూత్రవిసర్జనము చేయజాలదు. తల్లి నాలుకతో నాకి ప్రేరేపించిననే అది జరుగును, పక్కను శుభ్రపరచునదియు ఆ తల్లియే. కాళ్లు కొంచెము నిలదొక్కుకొనగానే కూనలు తూలుచునైనను పక్క విడిచి నాలుగడుగులు ఆవలకు పోవనారంభించును. అమెరికాలో మెయిన్ రాష్ట్రమందలి బార్ హార్బరులోని జాక్సన్ పరిశోధనశాలలో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు ఐదు జాతుల కుక్కపిల్లలను ఏండ్ల తరబడి పరిశీలించి 1965లో తమ గ్రంథమును ప్రకటించిరి. ఎనిమిది తొమ్మిది వారముల ప్రాయము వచ్చునప్పటికి పిల్లలు ఈ పనికొక నిర్ణీతస్థలమును ఏర్పరచుకొనుచుండునని నేడు మనము చెప్పుకొనుట అట్టివారి శ్రమఫలమే. మీ పిల్ల సరిగా ఆ వయస్సుననే మీ ఇల్లు చేరినది. ఇప్పుడు అది ఏ స్థలమును ఏర్పరచుకొనునో, బోనులోని మూలనో, క్రింది మట్టినేలనో, అది మీ చేతిలో ఉన్నది.

ముందు బోను సంగతి. పిల్ల తల వంచకుండ నిలువగలిగి, తిరుగగలిగి, కాళ్లు చాపి పరుండగలిగినంత చోటు చాలును. అంతకు మించి ఉన్నచో అది ఒక భాగమును పడకగదిగాను, ఒక భాగమును పెరడుగాను పంచుకొనును. మీ ఇంట జరుగుచున్నది ఇదియే. క్రొత్త బోను కొననక్కరలేదు. ఇట్టి బోనులతో తరచుగా ఒక అడ్డు జాలీ వచ్చును. లేనిచో వడ్రంగిచేత ప్లైవుడ్డు చెక్క కోయించి, అంచులు నున్నగా తోమించి, తీగతో బిగించి, పిల్ల ఎదిగిన కొలది వెనుకకు జరుపుచుండుడు. చెక్కను నమలుచున్నచో జాలీయే మేలు. అడుగున వార్తాపత్రికలుగాని, మూత్రము పీల్చుకొను ప్యాడ్లుగాని వేయకుడు. కాగితముపై పోయుట అమ్మినవారి దొడ్డిలోనే నేర్చి వచ్చిన పిల్లకు కాగితము కనబడుటయే అనుమతి. దళసరి బొంతయు వలదు. అది తడిని లోనికి లాగుకొని పైకి పొడిగా కనబడుటచే, తడిపినను ఇబ్బంది లేదని పిల్ల నేర్చుకొనును. పాత నూలు దుప్పటి ఒక మడత వేసిన చాలును.

బోను కుదించినంతమాత్రమున రాత్రి గడవదు. మీరు పదింటికి పరుండబెట్టి తెల్లవారి లేపుచున్నారన్నచో నడుమ ఏడెనిమిది గంటలు గడచుచున్నవి. రెండు నెలల పిల్లకు మూత్రాశయము చిన్నది, దానిని బిగబట్టు కండరములపై అదుపు ఇంకను రాలేదు, మూత్రమును చిక్కపరచు శక్తియు మూత్రపిండములకు పూర్తిగా అబ్బియుండదు. పగటివేళ ఎన్ని నెలల పిల్లయో అన్ని గంటలు, మహా అయిన ఇంకొక గంట ఆపుకొనగలదని పెంపకందార్లు వేయు లెక్క; నిద్రలో కదలిక, త్రాగుడు ఉండవు గావున ఇంకొంత నిలుచును. అయినను ఈ వయస్సున మూడు గంటలు దాటుట అరుదు. కనుక దానిని ఇరుకైన బోనులో పెట్టి రాత్రియంతయు తలుపు తీయకుండుట బోను పెట్టకుండుటకంటె చెడుగు: గత్యంతరము లేక తన పక్కనే తడుపుకొని, ఆ తడిలోనే పడియుండి, క్రమముగా పుట్టుకతో వచ్చిన ఆ శుభ్రతను కోల్పోవును. దుకాణములలో ఇరుకు పంజరములయందు వారముల తరబడి మగ్గివచ్చిన పిల్లలయందు ఈ దురవస్థ కనబడుచుండును. వానికి మరల నేర్పుట ఎంతయు కష్టము. మీ పిల్ల ఇంకను ఆ గతికి రాలేదు. రానీయవలదని నేను మిమ్ము చేతులు జోడించి కోరుచున్నాను.

రాత్రి సంగతి సాయంకాలముననే నిర్ణయమగును. కడపటి మేత ఆరున్నర, ఏడు గంటలకే ముగింపుడు. మన ఇండ్లలో రాత్రి తొమ్మిదింటికి భోజనములైన పిమ్మట మిగిలిన పెరుగన్నమో, గిన్నెడు పాలో కుక్కపిల్లకు పెట్టుట వాడుక. ప్రేమతో పెట్టునదే, కాని పెరుగన్నములో ముప్పాతిక వంతు నీరే, ఆవుపాలు పెక్కు పిల్లలకు అరుగక విరేచనములు కలిగించును. ఎనిమిది దాటిన పిమ్మట పరుగులాటలు తగ్గింపుడు. పరుండబెట్టుటకు పది నిమిషములు ముందు ఒకసారి క్రిందికి తీసికొనిపొండు.

ఇక నడిరేయి. పదింటికి పడుకొన్న పిల్లను ఒంటిగంట కాకమునుపే ఒకసారి, నాలుగు గంటల ప్రాంతమున మరియొకసారి అలారము పెట్టుకొని లేపుడు. అది ఏడ్చువరకు ఆగినచో ఏడ్చిన తలుపు తెరచుకొనునని నేర్చుకొనును. అంతలో పక్కయు తడియవచ్చును. అలారమునకు ముందే అది లేచి ముక్కు దుప్పటికి ఆనించి గుండ్రముగా తిరుగుచు, తీగలను గోకుచు, సన్నగా కూయుచున్నచో మాత్రము ఒక్క క్షణము తడయకుడు. అందులకే మొదటి నెలలో బోనును హాలులో విడువక మీ మంచము ప్రక్కనే ఉంచుకొనుడు.

బోను తలుపు తీయగానే పిల్లను నడువనీయక ఎత్తుకొనుడు. నడిపించినచో లిఫ్టు వచ్చులోపల ఆ గుమ్మముకడనే కూర్చుండిపోవును. నాలుగవ అంతస్తువారికి ఈ చిక్కు తప్పదు. ఎత్తుకొన్న పిల్ల సాధారణముగా ఓర్చుకొనును. టీకాలు పూర్తికాని పిల్ల గనుక వీథికుక్కలు తిరుగు నేలపై దించరాదు: పార్వో అను వ్యాధి క్రిమి మట్టిలో నెలల తరబడి జీవించియుండును. ప్రహరీలోపల ఆ కుక్కలు రాని చోటు లేకున్నచో డాబాపైననో బాల్కనీలోనో వెడల్పాటి తట్టలో మట్టియు పచ్చగడ్డియు పోసి దానినే వాడుడు. ప్రతిసారి ఆ ఒక్క చోటనే దింపి, గొలుసు వదలుగా పట్టుకొని, మాటలాడక, దాని కన్నులలోనికి చూడక నిలువుడు. అది రెండు చుట్లు తిరుగును, వాసన చూచును, వెనుకకాళ్లు వంచి కూర్చుండును. ఇచట పెక్కుమంది తొందరపడుదురు: ధార మొదలుకాగానే ‘భేష్’ అని మెచ్చుకొందురు, పిల్ల ఉలికిపడి సగములో ఆపి తోక ఊపుచు కాళ్లకడకు వచ్చును, మిగిలిన సగము పక్కలో పోయును. పూర్తియై అది లేచి నిలిచిన పిమ్మట, మరుక్షణముననే, మెల్లగా మెచ్చుకొని గోరంత ఉడికిన కోడిమాంసపు తునక పెట్టుడు. అంతటితో సరి. ఆటలు వలదు, పెద్ద దీపము వలదు, మరల బోనులోనికే.

వరుసగా నాలుగైదు రాత్రులు పక్క పొడిగా ఉన్నచో మొదటి అలారమును పావుగంట వెనుకకు జరుపుడు. ఇట్లు జరుపగా జరుపగా రెండు లేపులు ఒకటిగా కలిసిపోవును. మరల తడిసినచో జరిపిన పావుగంటను తిరిగి తగ్గింపుడు. నాలుగు నెలలు నిండునప్పటికి లాబ్రడార్ వంటి పెద్దజాతి పిల్లలు చాలవరకు ఆరు గంటలు పొడిగా నిద్రించును. పొమరేనియన్ వంటి చిన్నజాతులకు ఇంకను కొంత కాలము పట్టును. నిద్ర చెడునని మీరు బాధపడవచ్చును, కాని ఈ కొన్ని వారముల జాగరణ ఇంటివారందరు పంచుకొనదగినది. ఒకరు ఒంటిగంటకు, ఒకరు నాలుగింటికి లేచిన ఎవరికిని భారము కాదు.

తడిసిన దుప్పటిని నాటికి నాడే ఉతుకుడు. బోను అడుగును ముందు చల్లని నీటితో కడిగి, పెంపుడుజంతువుల దుకాణములలో దొరకు ఎంజైము ద్రావకముతో తుడిచి ఆరనిండు. ఫినాయిల్ వాడకుడు, దానిలోని ద్రవ్యములు, తడి నేలను నాకు పిల్లకు ప్రమాదకరములు. అమ్మోనియా కలిసిన ద్రావకములు కూడ తగవు, ఏలయనగా కుళ్లిన మూత్రపు వాసనయు అదియే గనుక పిల్లను మరల ఆ చోటికే పిలుచును.

ప్రశ్న: మా నాన్నగారు పాతకాలపు మనిషి. మా నాటు కుక్కపిల్ల బోనులో తడిపినప్పుడల్లా దాని ముక్కును ఆ తడిలో రాసి, వీపు మీద రెండు వేస్తే గాని బుద్ధి రాదంటారు. నాకు మనసు ఒప్పదు; ఎదురు చెప్పలేను.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరము

జవాబు: నాయనా, మీ మనస్సు చెప్పినదే సత్యము. ఎప్పుడో అర్ధరాత్రి జరిగినదానిని ఉదయమున తగిలిన దెబ్బతో జోడించుకొను శక్తి కుక్కపిల్లకు లేదు. దానికి తెలియునది ఒక్కటే: తెల్లవారి పెద్దాయన వచ్చును, నొప్పి కలుగును. తప్పు చేసినట్లు తలవంచినదే అని మీ నాన్నగారు అనవచ్చును. ఆ తలవంపు భయమువలన వచ్చినది, పశ్చాత్తాపము వలన కాదు. ఇట్లు కొట్టబడిన పిల్ల మనుష్యుల యెదుట మూత్రము పోయుటయే అపరాధమని తలచి, మీరు తోటలోనికి తీసికొనిపోయినను బిగబట్టుకొని, మీరు కనుమరుగైన పిమ్మట మంచము క్రిందనో బోనులోనో పోయును. చేయి ఎత్తగనే భయపడి ఉన్నచోటనే చుక్కలు విడుచు అలవాటు కూడ పట్టువడును. ఇట్లు పాడైన పిల్లలను నేను కన్నులార చూచితిని. అందుకే ఇంత గట్టిగా వ్రాయుచున్నాను.

పెద్దవారితో వాదమునకు దిగకుడు. పిల్లను తెల్లవారుజామున తోటలోనికి తీసికొనిపోవు పనిని వారికే అప్పగింపుడు. వృద్ధులు సాధారణముగా నాలుగింటికే మేల్కొనియుందురు. ‘నాన్నగారూ, మీ చేతిమీదుగా అయితే వింటుంది’ అని అడుగుడు, పని పూర్తయిన పిమ్మట పెట్టుటకు చిన్న తునక వారి చేతికే ఇండు. తన మాట విని, తాను చూపిన చోటనే కూర్చుండిన పిల్లను నాలుగు ఉదయములు చూచినవారు దానిని కొట్టలేరు.

ప్రశ్న: మా ఆడ లాబ్రడార్ పిల్లకు నాలుగు నెలలు. నెలరోజులుగా రాత్రంతా పొడిగా ఉన్నది, ఈ వారం నుంచి రోజూ బోను తడుపుతోంది. పగలు కూడా మాటిమాటికీ కూర్చుంటుంది, కొన్ని చుక్కలే వస్తాయి. మళ్లీ మొదటినుంచి నేర్పాలా?
– ఒక ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: ఇందు నేర్పవలసినదేమియు లేదు, వైద్యునికి చూపవలెను. నేర్చిన పిల్ల హఠాత్తుగా తడుపుట, మాటిమాటికి కూర్చుండుట, చుక్కలు మాత్రమే వచ్చుట, ఆ భాగమును విడువక నాకుకొనుట, ఇవి మూత్రాశయమునకు సోకిన వ్యాధి లక్షణములు. ఆడపిల్లలకు మూత్రనాళము పొట్టి గావున ఈ బాధ వారికే ఎక్కువ. రేపు ఉదయము మొదటిసారి కూర్చుండినపుడు వేడినీటితో కడిగి ఆరబెట్టిన లోతులేని స్టీలు పళ్లెమును వెనుకనుండి మెల్లగా జొనిపి మూత్రమును పట్టి, శుభ్రమైన సీసాలో పోసి, ఆలస్యము చేయక తీసికొనిపొండు. మీకు సమీపముననే మామునూరులో పశువైద్య కళాశాల ఉన్నది. రక్తము కనబడినను, పిల్ల ముక్కుచున్నను, చుక్కయు రాకున్నను ఉదయమువరకు ఆగవలదు. వైద్యుడు వ్రాసిన మందును, పిల్ల తేరుకొన్నట్లు కనబడినను, చెప్పిన దినములన్నియు వేయవలెను.

ఇంకొక మాట ఇతర పాఠకులకు. తెచ్చిన నాటినుండియు ఆడపిల్ల నిద్రించుచున్నను, నడచుచున్నను ఎడతెగక చెమ్మ కారుచున్నచో, పుట్టుకతోనే మూత్రనాళిక మూత్రాశయమున కలియక దిగువన తెరచుకొనిన లోపము ఉండవచ్చును. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీ జాతులలో ఇది అప్పుడప్పుడు కనబడును. దీనిని శస్త్రచికిత్సచే చాలవరకు సరిచేయుదురు. అట్టి పిల్లను బోనులో ఎంత శ్రద్ధతో ఉంచినను పక్క పొడిగా ఉండదు. దానిని దండించుట ఘోరము.

ప్రశ్న: రాత్రి తడపకుండా ఉండాలంటే సాయంత్రం ఐదింటినుంచి నీళ్లు ఇవ్వవద్దని ఒకరు చెప్పారు. వేసవిలో ఇది మంచిదేనా?
– ఒక విద్యార్థిని, అనంతపురము

జవాబు: ముమ్మాటికి మంచిది కాదు. పెరిగిన కుక్కకే కిలో బరువునకు దినమునకు సుమారు 50 మొదలు 60 మిల్లీలీటర్ల నీరు కావలెను, ఎదుగు పిల్లకు ఇంకను ఎక్కువ; మే నెలలో మీ ఊరి ఎండకు వగర్చుటవలననే అందులో చాల భాగము పోవును. దాహముతో ఉన్న పిల్ల నీరు కనబడగానే గిన్నె ఖాళీ చేయును, గంటలో అంతయు విడుచును. అనగా మీరు తప్పించుకొనదలచిన కష్టమే రెట్టింపగును. దినమంతయు చల్లని నీరు అందుబాటులో ఉంచి, పడుకొనుటకు గంటన్నర ముందు మాత్రము గిన్నె తీయుడు. ఆ పిమ్మట నాలుక చాచి వగర్చుచున్నచో నాలుగు గుటకలు త్రాగనిచ్చి, అలారమును అరగంట ముందుకు జరుపుకొనుడు. బోనును గాలి ఆడుచోట ఉంచి, ఫ్యాను గాలి తగులునట్లు చూచి, పైన కప్పిన గుడ్డను ఒక ప్రక్క ఎత్తి పెట్టుడు.