టీ విరామంలో జరిగిన సభ

పోయినేడాది మన క్లబ్బు వార్షిక సభకు ఆహ్వానపత్రిక రాసింది నేనే. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, స్వాగతోపన్యాసం, ముఖ్య అతిథి ప్రసంగం, సన్మానం, వందన సమర్పణ. మొత్తం మూడు గంటలు. అందులో వచ్చినవాళ్లు నోరు విప్పే చోటు ఒక్కటే: చివర్లో ‘ప్రశ్నలుంటే అడగండి’ అనే ఐదు నిమిషాలు. టైమ్ లేదని దాన్నీ ఎగరగొట్టేశాం.

సభ అయ్యాక బయట ఒక ఫస్టియర్ అమ్మాయి కనిపించింది. చేతిలో నోట్‌బుక్.

“ఎలా ఉందమ్మా ప్రోగ్రామ్?”

“బాగుందన్నా. నేనో కథ రాశాను, ఎవరికైనా చూపిద్దామని తెచ్చాను. టీ టైమ్‌లో ఒక అక్కతో మాట్లాడుతుంటే ఈలోగా లోపలికి పిలిచేశారు.”

తర్వాత జరిగిన రెండు మీటింగులకూ ఆ అమ్మాయి రాలేదు. సౌండ్ సిస్టమ్, శాలువా, జ్ఞాపిక అన్నీ సరిగ్గా కుదిరాయని సంబరపడ్డ నాకు అప్పుడు కానీ అర్థం కాలేదు, ఏది కుదరలేదో. ఆమెకు కావలసిన సభ టీ విరామంలో మొదలైంది. దాన్ని ఆపి లోపలికి పిలిచింది మేమే!

ఇది మన ఒక్కరి గోడు కాదు

హారిసన్ ఓవెన్ అనే అమెరికన్ 1983లో సుమారు 250 మందితో ఒక అంతర్జాతీయ సదస్సు పెట్టాడు. ఏర్పాట్లకే ఏడాది పట్టింది. తీరా అయ్యాక అందరూ అన్నదేమిటంటే, కాఫీ విరామాలే అన్నిటికన్నా బాగున్నాయని. ఆయన చిన్నబుచ్చుకోకుండా దాన్నే పాఠంగా తీసుకున్నాడు. 1985లో ‘ఓపెన్ స్పేస్’ పద్ధతిలో మొదటి సభ జరిపాడు. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఎదురుగా ఖాళీ గోడ. ఏదైనా చర్చించాలనుకున్నవాళ్లు లేచి, విషయం కాగితం మీద రాసి గోడకి అంటిస్తారు. నచ్చినవాళ్లు ఆ గుంపులో చేరతారు. అక్కడ నేర్చుకునేదీ ఇచ్చేదీ ఏమీ లేదనిపిస్తే లేచి ఇంకో గుంపులోకి వెళ్లొచ్చు. దానికి ఆయన పెట్టిన పేరు ‘రెండు కాళ్ల సూత్రం’.

మరి ఇలా కబుర్లు చెప్పుకుంటే నేర్చుకున్నట్టేనా? హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో క్లాసులో ఒక మార్పు చేశాడు. ప్రశ్న ఇస్తాడు. ఎవరికి వారు జవాబు ఎంచుకోవాలి. తర్వాత పక్కవాడితో వాదించి, మళ్లీ ఎంచుకోవాలి. ఇలా విద్యార్థి చేత పని చేయించే పద్ధతుల మీద 225 అధ్యయనాలను కలిపి 2014లో ఒక విశ్లేషణ వచ్చింది. సైన్స్, ఇంజనీరింగ్, గణితం కోర్సుల్లో ఉపన్యాసం మాత్రమే విన్నవాళ్లు ఫెయిలయ్యే అవకాశం 1.5 రెట్లు ఎక్కువని తేలింది. అవి తరగతులే, సభలు కావు. కానీ రెండింట్లోనూ కూర్చునే బుర్ర ఒకటే కదా.

మన దగ్గరా ఒక పాఠం ఉంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు లేకపోతే అవధానమే లేదు. నిషిద్ధాక్షరి ఇచ్చేవారు అక్షరం అక్షరానికీ అడ్డం పడతారు. అప్రస్తుత ప్రసంగం చేసేవారు సందు దొరికితే చాలు, దారి తప్పిస్తారు. అడగడం అక్కడ చివరి ఐదు నిమిషాల పని కాదు, ముందే అప్పగించిన బాధ్యత.

మేం ఏం చేశామంటే

ఈ సెమిస్టర్‌లో ఆడిటోరియం వద్దనుకుని ఒక క్లాస్‌రూమ్ తీసుకున్నాం. బెంచీలు పక్కకి నెట్టి, కుర్చీలు గుండ్రంగా వేశాం. తలుపు దగ్గర ఒక్కొక్కరికీ రెండు చీటీలు. పసుపు చీటీ మీద ‘నాకు కావలసింది’, తెల్ల చీటీ మీద ‘నేను ఇవ్వగలిగింది’. మొదటి ఐదు నిమిషాలు అందరూ మౌనంగా రాయడమే. మాట్లాడటానికి జంకేవాళ్లకు ఈ మౌనమే పెద్ద సాయం. చీటీలు గోడకి అంటించి, కలిసేవాటిని పక్కపక్కన పెడితే నాలుగు గుంపులు తేలాయి. అతిథి పదిహేను నిమిషాలు మాట్లాడి, తర్వాత ఒక గుంపులో కూర్చున్నారు. ఆయన దగ్గర మాత్రమే ఉన్న అనుభవం వినాలంటే ప్రసంగమే సరైన దారి. కాకపోతే ఆ ఒక్కటే సభ కాకూడదు.

అంతా సాఫీగా సాగలేదు. ఒక గుంపులో ఒక సీనియర్ ఇరవై నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాడు. ఆ సీనియర్ని నేనే! పక్కవాళ్లు మర్యాదకి తలూపుతుంటే ఆసక్తి అనుకున్నాను. రెండోసారికి నియమం పెట్టాం: అందరికీ ఒకసారి వంతు వచ్చేదాకా ఎవరూ రెండోసారి మాట్లాడకూడదు. ఇష్టం లేనివాళ్లు వంతు వదిలేయొచ్చు. గుంపుకొకరు గడియారం చూడాలి. నాలుగు గుంపులూ ఒకే గదిలో ఉంటే ఎవరి మాటా వినపడదని కూడా తెలిసింది. రెండింటిని వరండాలోకి మార్చాం.

ఆ రెండోసారికి రమ్మని ఆ అమ్మాయికి నేనే మెసేజ్ పెట్టాను. వచ్చింది. పసుపు చీటీ మీద ఇలా రాసింది: ‘మా ఊరి యాసలో కథ రాశాను. చదివి ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లు కావాలి.’ ముగ్గురు కూర్చున్నారు. యాస బాగుందన్నారు, ముగింపు అతకలేదన్నారు. ఆమె కాస్త గట్టిగానే వాదించింది. వెళ్తూ వెళ్తూ ఆ ముగ్గురి నంబర్లూ తీసుకుంది. కథ తిరగరాస్తోందట.

వచ్చే సభ ఆహ్వానపత్రిక కూడా నేనే రాస్తున్నాను. ‘కార్యక్రమ వివరాలు’ అన్న చోట అతిథి మాట్లాడే పదిహేను నిమిషాలు తప్ప మిగతాదంతా ఖాళీ వదిలాను. మీరు వచ్చేటప్పుడు ఒక పెన్ను తెచ్చుకోండి. చీటీలు మేమిస్తాం.