పశువు మారితే టీకా మారాలి

“గొర్రెలకు వేయగా సీసాలో మందు మిగిలింది. మా దూడకు కూడా ఓ సూది వేస్తే పోలా డాక్టరుగారూ?” టీకాలు వేసే రోజున కొందరు రైతులు ఇలా అడుగుతుంటారు. అలా వేయకూడదు. రోగాన్ని తట్టుకునే శక్తి అన్ని పశువుల్లోనూ ఒకే తీరుగా ఉండదు.

ముసర వ్యాధి నేర్పిన పాఠం

1920 దశకంలో ముక్తేశ్వర్ పరిశోధన కేంద్రంలో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త ముసర వ్యాధి వైరస్‌ను ఒక మేక నుంచి మరో మేకకు వరసగా ఎక్కిస్తూ పోయారు. మేక ఒంటికి అలవాటుపడిన ఆ వైరస్‌కు పశువుల్లో బలం తగ్గింది. దానితో చేసిన టీకా మన నాటు పశువులకు బాగా పనిచేసింది. విదేశీ, సంకరజాతి ఆవులకు వేస్తే మాత్రం తీవ్రమైన జ్వరం వచ్చేది, కొన్ని చనిపోయేవి కూడా. తర్వాత 1960 ప్రాంతంలో కెన్యాలో ప్లౌరైట్ అనే పశువైద్యుడు దూడ మూత్రపిండ కణాల్లో వైరస్‌ను పెంచి, అన్ని జాతుల పశువులకూ సరిపడే టీకా తయారుచేశారు. ముసర వ్యాధి ప్రపంచం నుంచే పోయిందని 2011లో ప్రకటించారు.

పందికి నూనె టీకా

గాలికుంటు వ్యాధికి అల్యూమినియం హైడ్రాక్సైడ్ కలిపిన టీకా ఆవులు, గేదెల్లో పనిచేస్తుంది. పందుల్లో అది అంతగా పనిచేయదు. వాటికి నూనె కలిపిన టీకానే కావాలి.

దూడకు ఎప్పుడు వేయించాలి?

మనిషి బిడ్డకు తల్లి కడుపులోనే కొంత రక్షణ అందుతుంది. దూడకు అలా అందదు, ముర్రుపాలతోనే వస్తుంది. అందుకే ఈనిన గంట, రెండు గంటల్లోనే ముర్రుపాలు తాగించాలి. అయితే ఆ రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు. కనుక గాలికుంటు టీకా మొదటిసారి నాలుగో నెల నిండాక, నెల తర్వాత మరోసారి, ఆపై ఆరు నెలలకోసారి వేయించాలి.

గుర్తుంచుకోండి

* ఒక పశువు టీకాను డాక్టరు చెప్పనిదే మరో పశువుకు వేయించవద్దు.
* మోతాదు సొంతంగా తగ్గించవద్దు, పెంచవద్దు.
* మిగిలిన మందు దాచిపెట్టి మర్నాడు వాడవద్దు.
* టీకాను ఐసు పెట్టెలోనే తేవాలి. గాలికుంటు టీకా గడ్డకడితే పనికిరాదు.
* జ్వరంతో ఉన్న పశువుకు తగ్గాకే వేయించాలి.

సీసా మీద ఏ పశువు పేరుందో అడిగి తెలుసుకోండి. అనుమానం ఉంటే దగ్గరలోని పశువైద్యశాలలో సంప్రదించండి.