పెద్ద చేపల ప్రయాణము

ఇల్లు మారునప్పుడు మంచములు, బీరువాలు, వంటపాత్రలు లారీలోనికి ఎక్కించుట కష్టమైన పనియే గాని, తెలియని పని కాదు. పెంపుడు కుక్కను వెంట నడిపించుకొని పోవచ్చును. చిలుకను పంజరముతో సహా చేత పట్టుకొనవచ్చును. అద్దాల తొట్టిలోని చేప సంగతి వేరు. దానిని మాత్రమే తీసికొనిపోవుటకు వీలు లేదు. అది బ్రతుకుటకు తగిన నీటిని కూడ తీసికొనిపోవలెను. బొటనవ్రేలంత చేపయైనచో ఒక సంచితో పని తీరును. అడుగు పొడవు చేపయైనచో ఎంత నీరు కావలెను, ఆ నీరు ఎంతసేపు చెడకుండును, దారిలో గాలి ఎట్లు అందును అను ప్రశ్నలు వరుసగా ఎదురగును.

చేపను కొనునాడు ఈ చిక్కు ఎవరికిని తోచదు. నగరములలో రంగు చేపలు అమ్ము దుకాణములలో ‘ఆస్కార్’ అను చేప తరచుగా కనబడును. దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీప్రాంతము దాని పుట్టినిల్లు. కొన్ననాడు అది రెండంగుళముల పిల్ల. చక్కగా మేపినచో ఏడాది, ఏడాదిన్నరలోనే అడుగు పొడవునకు సమీపించును. మేత పెట్టు మనిషిని గుర్తుపట్టి, అతడు గదిలోనికి రాగానే అద్దము వద్దకు వచ్చి నిలుచును. ఇంటిలోని పిల్లలు దానికొక పేరు కూడ పెట్టుదురు. అట్టి సమయమున తండ్రికి వేరొక ఊరికి బదిలీ అగును. సామాను కట్టుట ముగిసిన పిదప గాని, తొట్టి మాట ఎవరికిని జ్ఞాపకమునకు రాదు.

చేపలను దూరము మోయుటలో ఆరితేరినవారు గొప్ప మత్స్యప్రదర్శనశాలల వారు. అమెరికా దేశమందలి చికాగో నగరము సముద్రమునకు చాల దూరమున ఉన్నది. అక్కడ 1930లో షెడ్ మత్స్యప్రదర్శనశాలను తెరచినప్పుడు, సముద్రపు చేపలతోపాటు సముద్రపు నీటిని కూడ తేవలసి వచ్చెను. ఫ్లారిడా రాష్ట్రపు దక్షిణాగ్రమున ఉన్న కీవెస్ట్ నుండి ఇరువది టాంకు బండ్లు ఎనిమిది మారులు తిరిగి, సుమారు 38 లక్షల లీటర్ల ఉప్పునీటిని రైలుదారిన చేర్చినవి. చేపల కొరకు ‘నాటిలస్’ అను పేరుతో ప్రత్యేకమైన రైలుపెట్టె ఒకటి ఏర్పాటు చేసిరి. మనుష్యులెక్కెడి పెట్టెలో బల్లలున్నట్లు దానిలో తొట్లుండెడివి.

ఆ పెట్టెలో ప్రయాణము చేసిన చేపలలో ఒకటి మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. 1933లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నుండి ఓడలో పసిఫిక్ మహాసముద్రము దాటి లాస్ ఏంజెలిస్ చేరి, అక్కడినుండి నాటిలస్‌లో చికాగోకు వచ్చిన ఊపిరితిత్తి చేప అది. దానికి మొప్పలతోపాటు ఒక ఊపిరితిత్తి కూడ కలదు. నీటిలో ప్రాణవాయువు చాలనప్పుడు పైకి వచ్చి గాలి పీల్చుకొనగలదు. దూరప్రయాణమునకు ఇంతకంటె అనువైన చేప ఉండదు కాబోలు! ‘గ్రాండ్‌డాడ్’, అనగా తాతగారు అని పిలువబడిన ఆ చేప, 2017 ఫిబ్రవరి వరకు, అనగా ఎనుబది ఏండ్లకు పైగా అక్కడనే జీవించెను.

తక్కిన చేపలలో చాలవాటికి ఆ వరము లేదు. వాటికి కావలసిన ప్రాణవాయువు నీటిలో కరగి ఉండవలెను. అది కరగునది బహు స్వల్పము. లీటరు గాలిలో ప్రాణవాయువు 270 మిల్లీగ్రాములకు పైగా ఉండగా, 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు మాత్రమే ఇముడును. నీరు 30 డిగ్రీలకు వేడెక్కినచో అది ఏడున్నరకు తగ్గును. ఇక్కడ ఒక విపరీతము కలదు. నీరు వేడెక్కినకొలది చేప శరీరమునకు ప్రాణవాయువు ఎక్కువగా కావలసి వచ్చును. నీటిలోనో, అది తక్కువగా దొరకును. అందుచేతనే మే నెల మధ్యాహ్నమున చేపతో ప్రయాణము కట్టుట మంచిది కాదు. తెల్లవారుజామున గాని, రాత్రి గాని బయలుదేరుట మేలు.

రెండవ అపాయము కంటికి కనబడనిది. చేప తన శరీరములో పుట్టిన అమోనియా అను విషపదార్థమును మొప్పల ద్వారా నీటిలోనికి విడుచుచుండును. నదిలోనైనచో అది ప్రవాహములో కొట్టుకొనిపోవును. మూసిన సంచిలో ఎక్కడికి పోగలదు? తాను విడిచిన విషములోనే చేప ఊపిరి పీల్చవలసి వచ్చును. పెద్ద చేప విడుచు విషమును పలుచన చేయుటకు నీరు కూడ హెచ్చుగా కావలెను. దీనికి తగిన ఉపాయము వైద్యులకంటె ముందుగా చేపల రైతులకే అనుభవమున తెలిసియుండును. కైకలూరు, భీమవరము ప్రాంతములనుండి చేపపిల్లలను దూరము పంపునప్పుడు, వాటిని ముందుగా వలగుడ్డ తొట్లలో ఉంచి మేత మాన్పింతురు. కడుపు ఖాళీయైన చేప నీటిని తక్కువగా పాడుచేయును. పిమ్మట పాలిథీన్ సంచిలో మూడవవంతు నీరు పోసి, మిగిలిన చోటును సిలిండరునుండి ప్రాణవాయువుతో నింపి బిగించి కట్టుదురు. సంచిలో నీటికంటె వాయువే హెచ్చుగా ఉండుట చూచినవారికి వింతగా తోచును. కాని లెక్క సరియైనదే.

ఇంటిలోని పెద్ద చేపకును ఇదే పద్ధతి వర్తించును. ప్రయాణమునకు ఒకటి రెండు దినముల ముందునుండి మేత ఆపవలెను. ఆకలితో మాడునేమో అని జాలిపడి, బయలుదేరు ముందు కడుపునిండ పెట్టువారు కలరు. ఆ జాలియే చేపకు ప్రాణాంతకమగును. ఆరోగ్యముగా ఉన్న పెద్ద చేప రెండు దినములు తినకున్నను దానికేమియు కాదు.

అద్దాల తొట్టిలోనే ఉంచి లారీ ఎక్కించుట అన్నిటికంటె అవివేకము. లీటరు నీరు కిలో బరువు తూగును. 200 లీటర్ల తొట్టిని సగము నీటితో ఎత్తినను నూరు కిలోలకు పైమాటయే. అద్దముల అతుకులు ఆ ఒత్తిడికి ఆగవు. చేపను మూతగల ప్లాస్టిక్ పీపాలో గాని, వేడి చొరని ధర్మోకోల్ పెట్టెలో బలమైన సంచి పరచి గాని ఉంచవలెను. అది చక్కగా తిరుగుటకు చోటుండవలెను. ఒక పీపాలో ఒకే చేపను ఉంచుట క్షేమము. భయపడిన చేపలు ఒకదానినొకటి గాయపరచుకొనును. మూత తప్పనిసరి. తొట్టిలో ఎన్నడును ఎగురని చేప కూడ కుదుపునకు బెదరి బయటకు దూకును. లోపల చీకటిగా ఉన్నచో అది నెమ్మదించును. ప్రయాణము కొన్ని గంటలు పట్టునప్పుడు బ్యాటరీతో నడచు గాలిపంపును పీపాకు అమర్చుకొనవలెను.

పట్టుకొనుటలోనే చాల చేపలు దెబ్బతినును. చేప ఒంటిపైనున్న జిగురుపొర దానికి కవచము వంటిది. పొడిచేతులతో పట్టినను, గరుకు వలలో ఈడ్చినను ఆ పొర ఊడి, రోగక్రిములకు ద్వారము తెరచుకొనును. నీటిలో తేలుచున్నంతవరకు పెద్ద చేపకు తన బరువు తెలియదు. తోక పట్టి గాలిలోనికి ఎత్తినచో ఆ బరువంతయు దాని వెన్నెముకపైనను, లోపలి అవయవములపైనను పడును. కనుక తొట్టిలోని నీటిని సగమునకు తగ్గించి, చేపను మెల్లగా మూలకు తరిమి, పెద్ద సంచిలోనికి గాని, నునుపైన గుడ్డ ఊయలలోనికి గాని నీటితోపాటే తీసికొనవలెను.

గమ్యము చేరిన తరువాత చాలమంది రెండు విధముల పొరబడుదురు. కొందరు వెంటనే క్రొత్త నీటిలో గుమ్మరింతురు. మరికొందరు సంచి విప్పి, గంటలకొలది కొంచెము కొంచెముగా నీరు కలుపుచుందురు. ఈ రెండవది జాగ్రత్తగా కనబడును గాని, దూరము వచ్చిన మూతిబిగించిన సంచి విషయములో కీడే చేయును. దారిపొడవునను చేప విడిచిన బొగ్గుపులుసుగాలి సంచి నీటిని కొంచెము పుల్లగా మార్చియుండును. ఆ పులుపులో అమోనియా అంతగా హాని చేయని రూపమున అణగియుండును. మూతి విప్పగానే ఆ వాయువు తప్పించుకొనిపోవును, పులుపు తగ్గును, అమోనియా మరల తీవ్రరూపము దాల్చును. కావున సంచిని విప్పకుండగనే క్రొత్త తొట్టి నీటిలో పావుగంట, ఇరువది నిమిషములు తేల్చి, రెండు నీళ్ల వేడిమి సమమైన పిమ్మట మూతి విప్పి, ఆలస్యము చేయక చేపను మాత్రమే లోనికి విడువవలెను. సంచిలోని నీటిని పారబోయవలెను. ఈ పద్ధతి సాగుటకు క్రొత్త తొట్టి నీటి గుణము పాత తొట్టి నీటి గుణమునకు దగ్గరగా ఉండవలెను. అందులకే పాత తొట్టి నీటిని కొన్ని పీపాలలో వేరుగా తెచ్చుకొని క్రొత్త నీటిలో కలుపుకొందురు. పురపాలక సంఘము వారి కొళాయి నీటిలో క్లోరిన్ ఉండును. అది మొప్పలను కాల్చును. దుకాణములలో దొరకు విరుగుడు మందును తగు పాళ్లలో వేసి గాని ఆ నీటిని వాడరాదు.

ప్రయాణము ముగిసినంత మాత్రమున గండము గడచినట్లు కాదు. 2005 జూన్‌లో తైవాన్ ద్వీపమునుండి అమెరికాలోని అట్లాంటా నగరపు జార్జియా మత్స్యప్రదర్శనశాలకు రెండు తిమింగల సొరచేపలను విమానములో తెచ్చిరి. లోకములోని చేపలన్నిటిలోను పెద్దది ఆ జాతియే. తైవాన్‌లో నాడు వాటిని ఆహారము కొరకు పట్టెడివారు. ఈ రెండును అట్లు వలలో చిక్కినవే. రాల్ఫ్, నార్టన్ అని పేరుపెట్టబడిన ఆ చేపలు లారీలోను, విమానములోను, మరల లారీలోను సుమారు 13,000 కిలోమీటర్ల దూరము వచ్చి, సురక్షితముగా తొట్టిలో ప్రవేశించినవి. అంత గొప్ప ప్రయాణము నెగ్గినది. కాని 2007 జనవరిలో రాల్ఫ్, జూన్‌లో నార్టన్ మరణించినవి. పరాన్నజీవులను చంపుటకు తొట్టి నీటిలో కలిపిన మందువలన వాటి ఆకలి మందగించినదేమో అని అక్కడి అధికారులే అనుమానించి, ఆ మందు వాడకమును మానిరి. 2006లో అదే మార్గమున వచ్చిన ట్రిక్సీ అను మరియొక తిమింగల సొర 2020 వరకు అదే తొట్టిలో జీవించెను.

ఇంటి తొట్టిలోనున్న అపాయము ఇంకను సామాన్యమైనది. వడపోత పెట్టెలోని స్పాంజిలోను, అడుగున పరచిన గులకరాళ్లపైనను కోట్లకొలది సూక్ష్మజీవులు కాపురముండును. చేప విడిచిన అమోనియాను నైట్రైటుగాను, దానిని అంతగా అపకారము చేయని నైట్రేటుగాను మార్చునవి అవే. ఇల్లు మారునప్పుడు శుభ్రముగా ఉండవలెనని ఆ స్పాంజిని కొళాయి క్రింద కడిగి, ఎండలో ఆరవేయుదురు. సూక్ష్మజీవులన్నియు నశించును. క్రొత్త ఇంటిలో తొట్టి తళతళలాడుచుండును. నీరు అద్దమువలె ఉండును. రెండు మూడు దినములలో చేప నీటిపైకి వచ్చి నోరు తెరచుచుండును. కనుక స్పాంజిని తొట్టి నీటిలోనే తడిగా ఉంచి, గాలి ఆడునట్లు తెచ్చి, చేరిన వెంటనే తొట్టికి బిగించవలెను. మొదటి దినము దీపము వెలిగింపక, మేత పెట్టక చేపను ఒంటరిగా వదలవలెను. తరువాత కొన్నాళ్ల వరకు మేత తగ్గించి, నీటిలో కొంత భాగమును రోజు విడిచి రోజు మార్చుచుండవలెను.

ఇంత శ్రమ పడలేనివారు చేపను ఆ ఊరిలోనే పెద్ద తొట్టి గలవారికి గాని, అమ్మిన దుకాణమునకు గాని అప్పగించి పోవచ్చును. అందులో చిన్నతనమేమియు లేదు. కాలువలోనో చెరువులోనో విడిచి, దానికి స్వేచ్ఛనిచ్చితిమని తృప్తిపడువారు మాత్రము చేయరాని పని చేయుచున్నారు. తొట్టి అద్దములపై పాచి తినునని దక్షిణ అమెరికానుండి తెప్పించిన గట్టి పెంకు చేప ఒకటి అట్లే మన జలాశయములలో ప్రవేశించెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని జాలరులు దానిని దయ్యపు చేప అందురు. దానిని కొనువారు లేరు. దాని ముండ్లు తగిలి వారి వలలు చిరుగుచున్నవి.