ఏ సరుకుకు ఆ ట్యాంకు

అత్తా కోడలూ ఆవకాయ పెడుతున్నారు. కోడలు ఇత్తడి గిన్నె తెచ్చింది.

"అందులో వద్దమ్మా! పులుపుకు చిలుము పడుతుంది. జాడీ తీసుకురా" అంది అత్త.

ఫ్యాక్టరీలోనూ ఇంతే. అక్కడ రసాయనాలను పెద్ద పెద్ద ట్యాంకుల్లో నిలవ చేస్తారు. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఇనుమును తినేస్తుంది. అందుకే దానికి లోపల రబ్బరు పూత ఉన్న ట్యాంకు వాడతారు.

కొన్ని రసాయనాలకు తగిన ట్యాంకు ఒక్కటే చాలదు. స్టైరీన్ అలాంటిది. అది నీళ్లలా ఉంటుంది. దానితో ప్లాస్టిక్ తయారు చేస్తారు. వేడెక్కితే అది తనంతట తానే గట్టిపడుతుంది. గట్టిపడే కొద్దీ ఇంకా వేడి పుడుతుంది. విషపు ఆవిరి లేస్తుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి. గట్టిపడకుండా ఒక మందు కలపాలి.

విశాఖపట్నంలో ఏం జరిగింది?

2020 మే 7. తెల్లవారుజాము. కరోనా లాక్‌డౌన్ రోజులు. ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో పని ఆగింది. ట్యాంకులో స్టైరీన్ మాత్రం ఉంది. అది వేడెక్కింది. ఆవిరి పక్కనున్న వెంకటాపురం మీద పడింది. నిద్రలో ఉన్న జనం లేచి పరుగెత్తారు. కొందరు దారిలోనే పడిపోయారు. 12 మంది చనిపోయారు. వందల మంది ఆస్పత్రి పాలయ్యారు.

ప్రభుత్వం కమిటీ వేసింది. తప్పులు బయటపడ్డాయి. మందు చాలినంత లేదు. చల్లబరిచే యంత్రాన్ని రాత్రిపూట ఆపేసేవారు. వేడిని కొలిచే సాధనం ట్యాంకు అడుగున ఉంది. కాగులో నీళ్లు పైన వేడిగా, అడుగున చల్లగా ఉంటాయి కదా! ఇక్కడా అంతే. పైన ఎంత వేడెక్కిందో తెలియలేదు. సైరన్ మోగించలేదు.

మంచి ట్యాంకుకు ఏమేం ఉండాలి?

1. లోపలి సరుకు తినెయ్యని లోహం, లేదా పూత.
2. పైనా, మధ్యా, అడుగునా వేడి కొలిచే సాధనాలు.
3. అవసరమైన సరుకుకు రాత్రీ పగలూ చల్లదనం.
4. చుట్టూ గోడ. ట్యాంకు పగిలితే సరుకంతా ఆ గోడ లోపలే ఆగాలి.
5. అందరికీ వినపడే సైరన్.

అడిగే హక్కు మనది

1984లో భోపాల్‌లో విషవాయువు వేల మందిని చంపింది. ఆ తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని మార్చారు. ప్రమాదకరమైన ఫ్యాక్టరీ చుట్టుపక్కల జనానికి అపాయం గురించి చెప్పి తీరాలి. ఏం జాగ్రత్తలు తీసుకోవాలో కూడా చెప్పాలి.

చెప్పండి

మీ ఊరి దగ్గర ఫ్యాక్టరీ ఉందా? దాని ట్యాంకుల్లో ఏముంది? సైరన్ మోగితే ఎటు వెళ్లాలి? తెలియకపోతే నలుగురూ కలిసి వెళ్లి అడగండి.